దిద్దుబాటు ఫాంటు, మూడో వెర్షన్: సున్న చిక్కింది, నాన్ జాయినర్ చిక్కలేదు

ఓసీఆర్ (పేజీ బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చే ప్రోగ్రాం) చేసే తప్పులు ఇట్టే కనపడేలా అక్షరాలను మార్చి గీస్తున్న ఫాంటు ఇది. నోటో సాన్స్ తెలుగు ఫాంటు మీదే కోతలు, అతుకులు. అంకె సున్నకు (యూనికోడ్ సంఖ్య 0సి66) అడ్డగీత వేశాక, అనుస్వారం బదులు అంకె దూరిన "ఒ౦గోలు"లో దొంగ సున్న ఇట్టే పట్టుబడుతోంది. థ, ఠల లోపలి చుక్క 70 నుంచి 120 యూనిట్లకు (అక్షరం సైజు, అంటే ఈఎమ్, 1000 యూనిట్లు) పెంచితే సరిపోయింది.

గొడవంతా 200సి తోనే, అంటే నాన్ జాయినర్: పొల్లు తర్వాతి అక్షరంతో కలిసి వత్తు కాకుండా ఆపే, కంటికి కనపడని అక్షరం. "కలెక్టర్" చివర ఓసీఆర్ అనవసరంగా చేర్చిన నాన్ జాయినర్ కంటికి ఆనదు, పూర్తి మాటగా వెతికితే దొరకకపోవచ్చు. ఆ గ్లిఫ్‌లో (ఫాంటులో ఆ అక్షరానికి ఉన్న బొమ్మలో) 60 యూనిట్ల త్రికోణం గీశాను. ఫైర్‌ఫాక్స్‌లో లేదు, లిబ్రాఫీస్‌లో లేదు. ఏందబ్బా ఇది అని, అక్షరాలను కలిపి పేర్చే ఇంజను హార్ఫ్‌బజ్‌తో వచ్చే పరీక్షా సాధనం హెచ్‌బీ-షేప్‌లో చూస్తే ఆ చోట స్పేస్ గ్లిఫ్, వెడల్పు 0. ప్రిజర్వ్-డిఫాల్ట్-ఇగ్నోరబుల్స్ (కనపడని అక్షరాలను దాచొద్దనే ఆప్షన్) పెడితే మాత్రం త్రికోణం ప్రత్యక్షం! అంటే గీతలో తప్పు లేదు. ఇలాంటి అక్షరాలను హార్ఫ్‌బజ్ చివర్లో తనే మాయం చేస్తుంది, ఫాంటులోని బొమ్మల మార్పిడి పట్టిక జీసబ్‌లో మారిన గ్లిఫ్ జోలికి మాత్రం పోదు. కాబట్టి వేరే గ్లిఫ్‌లో బొమ్మ పెట్టి, జీసబ్‌లో ముందుగా నడిచే ఫీచరు సీసీఎమ్‌పీలో 200సి బదులు అది వచ్చేలా రాశాను. అయినా కనపడలేదు. ఆ నియమం (లుకప్) తెలుగు లిపికి ఉన్న పాత 'టీఈఎల్‌యూ' ట్యాగు కింద మాత్రమే ఉంది, ఫాంటులో కొత్త ట్యాగు 'టీఈఎల్2' ఉంటే చదివేది దాన్నే. రెండింటికీ తగిలించాక కనపడింది.

కనపడింది గానీ, 60 యూనిట్ల సందు వల్ల "స్టేషన్‌లో" రెండు మాటలైపోయింది. వెడల్పు 0 చేసి బొమ్మను 30 ఎడమకు జరిపితే పొల్లుకు గుద్దుకుంది. బేస్‌లైన్ కింద 80–260 మధ్యకు దించితే "స్టేషన్‌లో" శుభ్రం, "పోస్ట్‌మాస్టర్"లో మాత్రం ట వత్తు మీదెక్కి 12 పాయింట్లలో సిరా మరకలా ఉంది. 420కి దించితే కింది పంక్తి గుడులకు తగులుతోంది.

నా అనుమానం, ఒక్క బొమ్మతో తేలదు. వత్తు ఉన్నచోట ఇంకొంచెం కుడికి జరిగిన రెండో బొమ్మ కావాలి. వత్తు తయారయ్యేది సీసీఎమ్‌పీ తర్వాత గనక ఆ నియమం ఆఖర్లో నడిచే ఫీచరు పీఎస్‌టీఎస్‌లో పడాలి. వరసలో వత్తు ముందో పొల్లు ముందో హెచ్‌బీ-షేప్‌లో చూసుకోవాలి. ఇలాంటి నియమాలు ఫాంట్లు గీసే ప్రోగ్రాం ఫాంట్‌ఫోర్జ్ డబ్బాల్లో నింపడం శుద్ధ దండగ, నియమాలు టెక్స్ట్‌గా రాసుకునే ఫీచర్ ఫైలే నయం. గ్లిఫ్స్ అనే ఇంకో ప్రోగ్రాం బాగుంటుందంటారు, మ్యాక్ ఉండాలిగా.

ఇంగ్లీషు దిద్దుబాటు ఫాంట్లలా అన్నీ ఒకే వెడల్పు చేయమన్న సలహా తెలుగుకు కుదరదు: క్షను రలో ఇరికించాలి, లేదా రను సాగదీయాలి.

ఇది తేలాక వు, మ ఒకదాన్ని చూసి ఒకటి అనుకోకుండా చేసే పని. వు కొమ్మును ఇంకో 40 యూనిట్లు కిందికి లాగి, "వింజమూరు", "మావులూరు" లాంటి మాటలు పక్కపక్కన పెట్టి చూడాలి.