తుంటి మార్పిడికి సర్జన్‌ని ఎంచుకోవడం: నేను అడిగిన ప్రశ్నలు

ఎమ్మారైలో నా రెండు తుంటి కీళ్లలోనూ ఏవీఎన్ ఉందని తేలింది. అంటే తొడ ఎముక పైనుండే బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోవడం. బంతి గుండ్రంగా ఉన్నంతకాలం కోర్ డీకంప్రెషన్ (ఎముకలోకి రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్) లాంటివి ప్రయత్నించవచ్చు. కుడివైపు బంతి అప్పటికే అణిగిపోయింది, మార్పిడి తప్ప దారి లేదు. ఇక తేలాల్సింది ఎవరి చేత చేయించుకోవాలన్నదే.

మొదట అడగాల్సింది ఏడాదికి ఎన్ని తుంటి మార్పిళ్లు చేస్తారని. ‘వేల కీళ్లు మార్చాం’ అనే బోర్డుల్లో ఎక్కువ భాగం మోకాళ్లే ఉంటాయి. తుంటి విరిగిన పెద్దవాళ్లకు బంతి మాత్రమే మార్చే బైపోలార్ ఆపరేషన్లనూ కొందరు అందులోనే కలిపేస్తారు. బంతి కూర్చునే గిన్నె కూడా మార్చే పూర్తి మార్పిళ్లెన్ని, వాటిలో ఏవీఎన్ కేసులెన్ని అని విడదీసి అడగాలి. కెనడాలోని ఒంటారియో రోగుల మీద 2014లో వచ్చిన అధ్యయనంలో, ఏడాదికి 35 కన్నా తక్కువ చేసే సర్జన్ల దగ్గర కీలు జారడం, మళ్లీ ఆపరేషన్ అవసరం కావడం ఎక్కువగా కనిపించాయి. అందుకే ఈ ప్రశ్నకు విసుక్కునే డాక్టర్‌ని నా జాబితాలోంచి తీసేశాను.

ఎటునుంచి కోస్తారన్నది తర్వాతి మాట. వెనకనుంచి చేస్తే కీలు జారే ప్రమాదం కాస్త ఎక్కువ, కోసిన కండరాలను, పొరను తిరిగి గట్టిగా కుడితే అది బాగా తగ్గుతుంది. పక్కనుంచి చేస్తే పిరుదు కండరం బలహీనపడి కుంటు మిగలొచ్చు. ముందునుంచి చేస్తే తొడ పక్కన తిమ్మిరి రావచ్చు, పైగా ఆ పద్ధతి చేతికి పట్టుబడే దాకా పొరపాట్లు ఎక్కువ. ప్రకటన చూసి ‘ముందునుంచే చేయండి’ అని పట్టుబట్టకండి. మీ సర్జన్ రోజూ చేసేదేదో అదే మంచిది.

ఇంప్లాంట్ విషయంలో కంపెనీ పేరు ఒక్కటీ తెలిస్తే చాలదు. బంతి దేనితో చేసింది, ఎన్ని మి.మీ., గిన్నె లోపల వేసే పొర, అంటే లైనర్ ఏమిటి, సిమెంట్ వాడతారా అన్నీ చెప్పించుకోవాలి. సిరామిక్ బంతి, క్రాస్‌లింక్డ్ పాలిథిలిన్ (త్వరగా అరగకుండా తయారుచేసిన ప్లాస్టిక్) లైనర్ జత నాకు నచ్చింది. సిరామిక్ మీద సిరామిక్ అరుగుదల చాలా తక్కువే గానీ కొందరికి కీచుమంటుంది. 28 కన్నా 36 మి.మీ. బంతి జారడం కష్టం. లోహం మీద లోహం రాపిడయ్యే ఏఎస్ఆర్ అనే రకం కీళ్లను వాటిని తయారుచేసిన డీప్యూ కంపెనీ 2010లో వెనక్కి తీసుకుంది. అలాంటప్పుడు మన ఒంట్లో ఉన్నదేమిటో చెప్పేది ఇంప్లాంట్ డబ్బా మీది లాట్ నంబరే. ఆ స్టిక్కర్లను డిశ్చార్జి కాగితాలకు అంటించి ఇమ్మని ముందే చెప్పాలి.

కాలి పొడవు గురించి చాలామంది అడగరు. ముందు ఎక్స్‌రే మీద కొలిచి సైజులు లెక్కేసుకోవాలి. అందుకోసం ఎక్స్‌రే తీసేటప్పుడు కొలత తెలిసిన ఇనుప గుండు పక్కన పెడతారు. కీలు జారకుండా బిగువు కోసం కాలు కాస్త పొడవు చేయాల్సి రావచ్చు. కొద్ది మి.మీ. తేడా తెలియదు, సెంటీమీటరు దాటితే నడకలో తెలుస్తుంది. ‘తేడా అస్సలు రాదు’ అనేవాళ్ల కన్నా ఎంత రావచ్చో చెప్పేవాళ్లను నమ్మాను. నడుము ఎముకలకు స్క్రూలు వేయించుకున్నవాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. వెన్ను వంగకపోతే కీలు జారే ప్రమాదం పెరుగుతుంది.

షుగర్, పళ్లలో చీము, చర్మం మీద పుండ్లు చూడకుండానే తేదీ ఇచ్చేస్తే అనుమానించండి. ఇంప్లాంట్‌కి ఇన్ఫెక్షన్ పడితే ఒక్కోసారి మొత్తం తీసి మళ్లీ వేయాలి. కత్తి పట్టేది ఆ సర్జనేనా, రివిజన్లు (పాత ఇంప్లాంట్ తీసి మళ్లీ వేసే ఆపరేషన్లు) కూడా చేస్తారా అన్నదీ అడగాలి.

బాసింపట్టు, నేల టాయిలెట్ సంగతి సూటిగా అడిగాను. వెనకనుంచి చేయించుకున్నవాళ్లను సాధారణంగా తొలి 6 నుంచి 12 వారాలు తుంటి 90 డిగ్రీలు దాటి వంచొద్దంటారు, కాలు మీద కాలు వేయొద్దంటారు, తక్కువ ఎత్తు కుర్చీ వద్దంటారు. ఆపరేషన్‌కి ముందే ఇంట్లో ఎత్తు కమోడ్ ఏర్పాటు చేసుకుంటే మంచిది. వాకర్‌తో మర్నాడే నిలబెడతారు, రెండు వారాలకు కుట్లు తీస్తారు. కుంటు మాత్రం అంత త్వరగా పోదు. పక్కకు పడుకుని కాలు పైకెత్తే వ్యాయామంతో పిరుదు కండరం బలపడాలి.

రెండు తుంటులూ ఒకేసారి చేస్తామన్నవాళ్లూ ఉన్నారు. మత్తు ఒక్కసారే, కానీ రక్తం ఎక్కువ పోతుంది. ఎడమ బంతి ఇంకా గుండ్రంగానే ఉంది కాబట్టి నేను కుడివైపుకే ఒప్పుకున్నాను.