కోఠి లెక్కల గదిలో పైథాన్ పాఠాలు

కోఠిలోని ఒక మందుల టోకు దుకాణంలో నేను లెక్కలు చూస్తాను. గడువు దగ్గరపడిన మందులను ముందుగానే ఏరి కంపెనీలకు తిప్పి పంపకపోతే ఆ నష్టం దుకాణం నెత్తినే పడుతుంది. ఆ పనిని నెలనెలా ఎక్సెల్ షీటులో కళ్లు మండేదాకా వెతికి చేయడం విసుగెత్తి, ప్రోగ్రామింగ్ నేర్చుకుందామని రెండేళ్ల క్రితం అనుకున్నాను. నేను చదివింది బీకాం. అప్పటికి ఎక్సెల్ ఫార్ములాలకు మించి నాకేమీ తెలియదు.

హైదరాబాదులో ఈ కోరిక ఎవరి దగ్గర బయటపెట్టినా వాళ్లు చూపించే దారి అమీర్‌పేటే. మైత్రీవనం దగ్గర చేతిలో పెట్టిన కరపత్రాల్లో ఒకదాన్ని నమ్మి ఒక కోచింగ్ సెంటరులో ఫీజు కట్టాను. మైకులో చెప్పే పాఠాన్ని చివరి వరుసలో కూర్చుని మూడు వారాల పాటు అందమైన దస్తూరీతో నోట్సు రాసుకున్నాను తప్ప, ఒక్కరోజూ కీబోర్డు మీద చేయి వేయలేదు. అక్కడ చేరి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు కనుక ఆ వీధిని తప్పు పట్టను. నా పనివేళలకూ, నా నెమ్మదికీ అది సరిపడలేదంతే.

ఆ తరువాత యూట్యూబ్‌లో పడ్డాను. తెలుగులో చక్కగా చెప్పేవారికి అక్కడ కొదవ లేదు, కానీ నలుగురి దగ్గర మొదటి పాఠం నాలుగుసార్లు విని, ఎవరి దగ్గరా అయిదో పాఠం దాకా వెళ్లకుండానే నాకంతా అర్థమైపోయిందనుకున్నాను. చూస్తున్నంతసేపూ అర్థమైనట్టే ఉండి, ఖాళీ తెర ముందు కూర్చోగానే ఆవిరైపోయే చదువు అది.

నన్ను నిజంగా నిలబెట్టింది హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఉచితంగా అందిస్తున్న సీఎస్50 పాఠాల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను నేర్పే కోర్సు. డేవిడ్ మలాన్ అనే ఆచార్యుడు వేదిక మీద నాటకం ఆడినంత ఉత్సాహంగా చెబుతారు కానీ, నాకు మేలు చేసింది ఆయన ఉపన్యాసం కంటే ప్రతి వారం చివర ఇచ్చే అభ్యాసాలు. మనం రాసిన ప్రోగ్రామును అక్కడి పరీక్షా సాధనమే నడిపి, ఏ సందర్భంలో తప్పిందో చూపిస్తుంది. పక్కవాడి ముందు చిన్నబోయే అవసరం ఉండదు. ప్రోగ్రామర్ల పద్ధతిలో వారాలను కూడా సున్నా నుంచి తొమ్మిది వరకు లెక్కపెడతారు. ఆ లెక్క లెడ్జరు మనిషిగా నాకు మొదట మింగుడుపడలేదు.

ఇంగ్లీషు ఉచ్చారణతో ఇబ్బంది పడేవారికి ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ నయమని నా అభిప్రాయం, ఎందుకంటే అందులో కొన్ని పాఠాలకు తెలుగు వ్యాఖ్యానమూ ఉంది, పైగా వీడియోను ఒక పక్క ఆపి రెండో పక్క మనమూ అదే చేసి చూసుకోవాలన్నది వారి పద్ధతి. ఐఐటీలూ, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో చెన్నై గణిత సంస్థకు చెందిన మాధవన్ ముకుంద్ చెప్పిన పైథాన్ కోర్సు మరింత లోతైనది. పాఠాలకు డబ్బు కట్టనక్కరలేదు, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రం కట్టాలి. నాకది రెండో విడతకు పనికొచ్చింది, మొదటి విడతలో బెదరగొట్టింది.

వీటన్నిటి మధ్య ఎవరూ గట్టిగా చెప్పని సాధనం పైథాన్ ట్యూటర్. ఫిలిప్ గువో తయారుచేసిన ఈ సైటులో మన ప్రోగ్రాము ఒక్కో వరుస నడుస్తుంటే లోపల ఏ పేరు దగ్గర ఏ విలువ ఉందో బొమ్మగా కనిపిస్తుంది. పాత నిల్వ 12 స్ట్రిప్పులు, కొత్త నిల్వ 3 స్ట్రిప్పులు అడిగి కూడమంటే నా ప్రోగ్రాము 123 అని జవాబిచ్చింది. గంటసేపు తల పట్టుకున్నాక అదే ప్రోగ్రామును అక్కడ నడిపితే, 12 చుట్టూ కొటేషన్ గుర్తులు కనిపించాయి. మనం కీబోర్డు మీద కొట్టిన అంకెలను పైథాన్ అక్షరాలుగానే తీసుకుంటుందనీ, అక్షరాలను కూడమంటే పక్కపక్కన అతికిస్తుందనీ అప్పుడు తెలిసింది. అదే ఊపులో ‘అమ్మ’ అనే మాట పొడవెంతో అడిగాను. మనకు రెండక్షరాలు, దానికి 4: ‘అ’, ‘మ’, పొల్లు, మళ్లీ ‘మ’. పలకమీద నేర్చుకున్న ఒత్తును యంత్రం ఇలా విడదీస్తుందని ఏ తరగతిలోనూ వినలేదు.

ఈ మధ్య వచ్చిన కృత్రిమ మేధ చాట్‌లను కూడా వాడాను. లోప సందేశాన్ని వివరించమంటే అవి మంచి స్నేహితులు. ప్రోగ్రామే రాసిపెట్టమన్న రోజుల్లో మాత్రం నేనేమీ నేర్చుకోలేదు.

సీఎస్50 కోర్సులో ఆరో నంబరు వారం పాఠం ఫైళ్లను చదవడం గురించి. దుకాణం నిల్వ షీటును సీఎస్‌వీగా, అంటే గడుల మధ్య కామాలు ఉండే మామూలు ఫైలుగా, దాచి, గడువు ప్రకారం వరుస పెట్టించాను. 9/2025 కంటే 10/2025 ముందొచ్చింది. ఈసారి తల పట్టుకోలేదు. స్ట్రిప్పుల లెక్కలో జరిగిన పొరపాటే ఇదీ, అక్షరాలుగా పోలిస్తే 9 కంటే 1 చిన్నది. నెలనూ సంవత్సరాన్నీ విడదీసి, సంఖ్యలుగా మార్చి, సంవత్సరాన్ని ముందుంచాను. వచ్చిన జాబితాను అంతకు వారం ముందు చేత్తో ఏరిన జాబితాతో సరిచూస్తే, నా కళ్లు వదిలేసిన దగ్గుమందు పెట్టె ఒకటి కొత్త జాబితాలో కనిపించింది. దాన్ని ఆ సాయంత్రమే తిప్పి పంపాము.