స్టేషనుకు నడిచి వెళ్లగలిగే ఇల్లు

పదకొండేళ్లు విశాఖ కంచరపాలెంలో అద్దె పోర్షన్లు మారుతూ గడిపిన తరువాత, గత ఏడాది మేము అనకాపల్లిలో ఒక పాత డాబా ఇల్లు కొన్నాం. విశాఖలో ఉద్యోగం ఉంచుకొని అంత దూరం ఎందుకు పోయారని అడగని బంధువు లేడు. ఫోనులో రెండు ముక్కల్లో చెబితే ఎవరికీ తృప్తి కలగడం లేదు కనుక, ఇల్లు వెతికిన ఆ పద్నాలుగు నెలల సంగతి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నా ఆఫీసు దొండపర్తిలో, రైల్వే స్టేషను నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది. మా ఆవిడ అచ్యుతాపురం సెజ్‌లో పనిచేస్తుంది. కంచరపాలెం నుంచి ఆమె కంపెనీ బస్సు ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, గాజువాక, కూర్మన్నపాలెం దాటుకొని వెళ్లి వచ్చేసరికి రోజులో మూడు గంటల పైచిలుకు రోడ్డు మీదే పోయేది. ఇద్దరి ఉద్యోగాలు రెండు కొసల్లో ఉన్నప్పుడు ఇల్లు ఎక్కడ ఉండాలన్నది ఇష్టాయిష్టాల ప్రశ్న కాదు, లెక్క ప్రశ్న. అయినా ఆ లెక్క మాకు వెంటనే తట్టలేదు. అందరిలాగే మేము కూడా మొదట చవకగా ఎక్కడ దొరుకుతుందా అని చూశాం.

ఆనందపురం, తగరపువలస వైపు రెండు నెలలు తిరిగాం. భోగాపురం విమానాశ్రయం పేరు ఎత్తకుండా అక్కడ ఎవరూ స్థలం చూపించరు. లేఅవుట్లు విశాలంగా ఉన్నాయి, రోడ్లు వెడల్పుగా ఉన్నాయి, కాని సాయంత్రం ఏడు గంటలకు వెళ్లి నిలబడితే వీధి మొత్తానికి రెండు ఇళ్లలో మాత్రమే దీపాలు కనిపించాయి. మిగతా స్థలాలన్నీ ధర పెరుగుతుందని కొని, హద్దురాళ్లు పాతి వెళ్లిపోయినవారివి. పెట్టుబడికి అది మంచి చోటే కావచ్చు, పిల్లను సైకిలు మీద దుకాణానికి పంపడానికి మాత్రం కాదు. కొత్తవలస నాకు నచ్చింది. కిరండూల్ లైను చీలే జంక్షను కాబట్టి రైళ్లకు లోటు లేదు, కాని అక్కడి నుంచి అచ్యుతాపురం పూర్తిగా ఎదురు దిక్కు. వేపగుంట దగ్గర ఒక ఇల్లు దాదాపు ఖాయం చేసుకున్నాక, అది సింహాచలం దేవస్థానం భూముల వివాదం నడుస్తున్న పంచగ్రామాల పరిధిలోకి వస్తుందని మా మావయ్యగారు గుర్తుచేశారు. తరాలుగా అక్కడ కాపురం ఉంటున్నవారి కష్టం వేరు, తెలిసి తెలిసి కొత్తగా దిగేవాడి సాహసం వేరు అన్నారు ఆయన.

చివరికి అనకాపల్లి మిగిలింది. విశాఖ స్టేషను నుంచి రైలు మార్గంలో సుమారు 33 కిలోమీటర్లు, మధ్యలో మర్రిపాలెం, సింహాచలం, దువ్వాడ, తాడి. మా ఆవిడకు పూడిమడక రోడ్డు పట్టుకుంటే నేరుగా అచ్యుతాపురం. ఈ ఊరి సంగతి ఒకటి విచిత్రంగా ఉంటుంది. 2013లో మున్సిపాలిటీని విశాఖ మహానగర పాలక సంస్థలో కలిపారు, 2022 ఏప్రిల్ 4న ఊరు కొత్త జిల్లాకు కేంద్రమైంది. అంటే ఒక జిల్లా కేంద్రంలో కాపురం ఉంటూ, ఇంకో జిల్లాలో ఉన్న నగరపాలక సంస్థకు ఇంటిపన్ను కడతాం. రోజువారీ బతుకులో దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు గాని, పాత కాగితాల మీద మున్సిపాలిటీ పేరు, కొత్తవాటి మీద జీవీఎంసీ (ఆ మహానగర పాలక సంస్థ) పేరు, పాతవాటి మీద విశాఖపట్నం జిల్లా, కొత్తవాటి మీద అనకాపల్లి జిల్లా ఉండటంతో బ్యాంకువారు రెండుసార్లు వివరణ అడిగారు.

ఊరు ఖాయమయ్యాక వీధి వెతకడం మొదలైంది. అనకాపల్లిని కేవలం బెల్లం ఊరనుకొని వెళ్లాను, వెళ్లాక అందులో నాలుగైదు ఊళ్లు కనిపించాయి. గవరపాలెం ఇరుకు సందుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి, మనుషులూ అంతే. నూకాంబిక అమ్మవారి జాతర నెలలో ఆ సందుల్లోకి స్కూటరు కూడా దూరదని అక్కడివారే నవ్వుతూ చెప్పారు. మార్కెట్టు వైపు బెల్లం సీజనులో దిమ్మలు ఎక్కిన లారీలు, వాటి వెనక ఈగలు, ఆ పైన తీయటి మడ్డి వాసన. నాకు ఆ వాసన ఇష్టమే, కాని ఏడాదిలో నాలుగు నెలలు దిండు మీద కూడా అదే వాసన వస్తే ఇష్టం నిలుస్తుందో లేదో చెప్పలేను. ఊరి అంచుల్లో, నిన్నమొన్నటి వరకు చెరకు పండిన మళ్లలో, కొత్త లేఅవుట్లు వెలిశాయి. మేము మొదట మోసపోబోయింది అక్కడే.

ఆ ఇల్లు కొత్తది, తూర్పు ముఖం, రెండు పడక గదులు, గేటుకు గ్రానైటు దిమ్మెలు. ధర కూడా మా అంచనాకు అందుబాటులోనే ఉంది. మధ్యవర్తి తొందరపెట్టడంతో బయానా కింద యాభై వేలు ఇచ్చేశాను. మరుసటి ఆదివారం కొలతలు తీసుకుందామని వెళ్లినప్పుడు, ఎదురింటి అరుగు మీద చింతపండు ఒలుస్తున్న ఒక పెద్దావిడ నన్ను పిలిచి, ‘బాబూ, ఇల్లు బాగుంది గానీ, ఆ ప్రహరీకి రంగు కిందనే ఎందుకు కొత్తగా ఉందో అడిగేరా?’ అన్నారు. అప్పుడు చూశాను. ప్రహరీ గోడకు మోకాలి ఎత్తు వరకు ఒక రంగు, దాని పైన అదే రంగు వెలిసిపోయి ఉంది. ఇంటి వెనక్కి వెళ్లి చూస్తే, రంగు వేయడం మరిచిపోయిన మోటారు షెడ్డు గోడ మీద ఎండిన బురద గీత ఒకటి, తాడు పట్టి గీసినంత తిన్నగా ఉంది. లేఅవుట్ వేసినప్పుడు అటుగా పోయే చిన్న గెడ్డను, అంటే వాగును, పూడ్చి రోడ్డు చేశారట. గెడ్డ పోయింది గాని దానిలోకి వచ్చే నీళ్లు ఎక్కడికి పోతాయి? ఆ యాభై వేలు తిరిగి రాలేదు. మధ్యవర్తి ఫోను ఎత్తడం మానేశాడు. ఆ పెద్దావిడకు మాత్రం నేను ఇప్పటికీ పండగకు అరిసెలు పట్టుకెళ్తాను.

అప్పటి నుంచి మా పద్ధతి మారింది. నచ్చిన ఇంటిని ఒకే రోజు రెండుసార్లు చూడకుండా, వేర్వేరు వేళల్లో చూశాం. కుళాయి వదిలే వేళకు వెళ్తే వీధిలో బిందెల వరస ఎంతుందో, ఎవరు మోటారు పెట్టి లాగుతున్నారో తెలుస్తుంది. రాత్రి తొమ్మిదికి వెళ్తే వీధి దీపాలు, కుక్కలు, తాగి అరిచేవారు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. వాన పడిన మర్నాడు వెళ్తే ఇల్లు అమ్మేవారు దాచలేని విషయాలన్నీ తెలుస్తాయి. రైలు వంతెన కింద నీళ్లు నిలిచినప్పుడు ఏ వీధివారు చుట్టు తిరిగి రావాలో కూడా ఆ రోజుల్లోనే నేర్చుకున్నాం.

కాగితాల విషయంలో మా మావయ్యగారికి ఉన్న చాదస్తమే మమ్మల్ని కాపాడింది. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ ఆన్‌లైనులో 1983 నుంచి మాత్రమే వస్తుంది, అంతకుముందు లావాదేవీలు కావాలంటే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పుస్తకాలు వెతికించాలి. ఆయన అదీ వెతికించారు. సర్వే నంబరు పట్టుకొని రిజిస్ట్రేషను చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూశారు, భూమి జిరాయితీయా (సొంత పట్టా భూమి), డీ పట్టాయా (ప్రభుత్వం అసైన్ చేసిన భూమి) అన్నది మూలం దాకా వెళ్లి తేల్చుకున్నారు. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమిని అమ్మడం, కొనడం 1977 చట్టం నిషేధించింది, తరువాతి సవరణలతో కొన్ని మినహాయింపులు వచ్చాయి గాని, నిషేధానికి విరుద్ధంగా అమ్మినదైతే ఎన్ని చేతులు మారినా, దాని మీద ఎంత మేడ కట్టినా మొదటి లోపం పోదు. ఒక ఇంటి విషయంలో లింకు డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల దస్తావేజులు, అన్నీ ఉన్నాయి, కాని 1990ల నాటి ఒక పంపకాల దస్తావేజులో ఒక చెల్లెలి సంతకం లేదు. ఆమె ఒప్పుకుంటుందని అమ్మేవారు అన్నారు. అయితే ఆమెనే తీసుకురమ్మని మావయ్యగారు అన్నారు. ఆమె రాలేదు, మేమూ మళ్లీ వెళ్లలేదు.

చివరికి కుదిరిన ఇల్లు 133 గజాలలో, అంటే పావు తక్కువ మూడు సెంట్లలో, ఇరవై ఏళ్ల కిందట కట్టిన డాబా. దక్షిణ ముఖం. దక్షిణ ముఖమన్న ఒక్క కారణంతో ఎనిమిది నెలలుగా కొనేవారు లేక పడి ఉంది. మా అమ్మ మొదట మొహం ముడుచుకుంది గాని, వీధిపోటు లేదని, ఈశాన్యంలో నుయ్యి పూడ్చకుండా ఉంచారని తెలిసి మెత్తబడింది. వాస్తు మీద నాకు నమ్మకం తక్కువ, ఇతరుల నమ్మకం వల్ల తగ్గిన ధర మీద మాత్రం చాలా గౌరవం. పైగా వేసవి సాయంత్రాలు గాలి అటువైపు నుంచే వస్తుంది.

పాత ఇల్లు కొనేటప్పుడు భయమల్లా స్లాబు గురించే. మాకు తెలిసిన మేస్త్రీని వెంట తీసుకెళ్లాను. ఆయన గోడల వైపు చూడనే లేదు. ఒక ఇనప చువ్వ తీసుకొని నిచ్చెనెక్కి, స్లాబు అడుగు భాగాన్ని జానెడు జానెడు దూరంలో కొడుతూ చెవి పెట్టి విన్నాడు. టంగుమని మోగితే ముందుకు జరిగాడు. వంటగది మూలలో మాత్రం శబ్దం డొల్లగా వచ్చింది. అక్కడే గట్టిగా మరోసారి కొడితే అరచేయంత పెచ్చు ఊడి కింద పడింది, లోపల చువ్వ తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచి ఉంది. ‘ఇది ఒక్కచోటే బాబూ, మెట్ల గది నీళ్లు ఇటు దిగుతున్నాయి. మిగతాది గట్టిగా ఉంది’ అన్నాడు. ఇంటాయన కూడా పక్కనే ఉండటంతో బేరం ఆ పెచ్చు దగ్గరే తెగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు డాబా మీద నీళ్ల ట్యాంకు ఎగిరి మూడు ఇళ్ల అవతల పడిందని, ఇంట్లోకి మాత్రం చుక్క రాలేదని ఆయన అప్పుడే చెప్పాడు. ఆ మాట నిజమేనని వీధిలో మరో ఇద్దరిని అడిగి తెలుసుకున్నాం.

డబ్బు గురించి ఒక్క మాట, ఎందుకంటే చాలామంది ఇక్కడే తడబడతారు. ముప్పై లక్షలు దాటి డెబ్బై అయిదు లక్షల లోపు అప్పు తీసుకునేవారికి బ్యాంకు ఇంటి విలువలో గరిష్ఠంగా 80 శాతం వరకే ఇస్తుంది, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను ఖర్చులను ఆ విలువలో కలపదు. మన రాష్ట్రంలో విక్రయ దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర శాతం, రిజిస్ట్రేషను రుసుము 1 శాతం, మొత్తం ఏడున్నర. నలభై లక్షల ఇల్లనుకుంటే అప్పు ముప్పై రెండు లక్షలు, చేతి నుంచి ఎనిమిది లక్షలు, దాని మీద మూడు లక్షల చలానా. పదకొండు లక్షలు ఉంటే గాని గుమ్మం దాటలేం. రంగులు, మోటారు, వకీలు ఫీజు, గృహప్రవేశం భోజనాలు ఇందులో లేవు. మేము ఆఖరి మూడు లక్షల కోసం మా ఆవిడ గొలుసు, రెండు జతల గాజులు తాకట్టు పెట్టాం, గొలుసు ఇంకా విడిపించలేదు.

ఇల్లు స్టేషనుకు పన్నెండు నిమిషాల నడక. ఇదే మా ఎంపికలో అసలు సంగతి. ఇంకాస్త లోపలికి వెళ్తే ఇదే ధరకు పెద్ద ఇల్లు వచ్చేది, కాని అక్కడి నుంచి ఆటో కోసం ఎదురుచూసే సమయం, స్టేషను దగ్గర బండి పెట్టే చోటు కోసం వెతికే సమయం కలిపితే రైలు ప్రయాణమే అంతవుతుంది. మూడు నెలల సీజన్ టికెట్టు రెండు నెలల ఇరవై ఒక్క రోజుల ధరకు వస్తుంది కనుక నేను దాన్నే తీసుకుంటున్నాను. విశాఖ చేరేముందు ఔటర్‌లో, అంటే స్టేషను బయటి సిగ్నలు దగ్గర, బండి ఆగిపోయే రోజులు ఉంటాయి, అప్పుడు అందరం ఒకేసారి గడియారాలు చూసుకొని, ఒకేసారి కిటికీల్లోంచి తలలు బయట పెడతాం. ఆ పావుగంటకు నేను ముందే సిద్ధపడి ఒక బండి ముందే ఎక్కుతాను. మా ఆవిడకు మాత్రం రోజుకు గంటన్నర మిగిలింది. ఆ గంటన్నరతో ఏం చేస్తున్నావని అడిగితే నిద్రపోతున్నాను అంది.

చేరిన తరువాత వచ్చిన మొదటి పెద్ద వాన అక్టోబరులో, రాత్రి రెండు గంటలకు మొదలైంది. ఆ బురద గీత గుర్తొచ్చి నాకు నిద్ర పట్టలేదు. గొడుగు, టార్చిలైటు తీసుకొని గేటు తెరిచి కాలువలో నీళ్లు ఎంత ఎత్తున పోతున్నాయో చూస్తున్నాను. కాలువ నిండుగా ఉంది గాని, నీళ్లు ఆగకుండా కిందికి పోతున్నాయి. తలెత్తి చూస్తే ఎదురింటి మాస్టారు కూడా గొడుగుతో గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను చూసి నవ్వి, ‘కొన్న ఏడాది నేనూ ఇలాగే వచ్చి చూసేనండి. అలవాటైపోయింది, ఇప్పుడు ఊరికే వస్తున్నాను’ అన్నారు.