ఒకే లెక్క, నాలుగు దారులు

థియరిటికల్ ఫిజిక్స్‌లో మాస్టర్స్‌కి చేరినవాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే పడే గొయ్యి ఒకటుంది: పుస్తకంలో డెరివేషన్‌ని లైను వెంబడి లైను చదువుతూ తల ఊపడం. చదువుతున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. పుస్తకం మూసి కాగితం తీస్తే రెండో లైనుకే పెన్ను ఆగిపోతుంది. పది లెక్కలు పైపైన చూసేకన్నా ఒక్కదాన్ని పట్టుకుని నాలుగు రకాలుగా చేసి, జవాబులు ఎక్కడ కలిశాయో ఎక్కడ కలవలేదో చూడటం మేలు. అందుకు నా ఓటు అన్‌హార్మోనిక్ ఆసిలేటర్‌కే, అంటే స్ప్రింగ్ లాంటి కంపనానికి ఇంకో బలం కలిసిన క్వాంటమ్ లెక్కకే.

హార్మోనిక్ ఆసిలేటర్ పొటెన్షియల్‌కి (ఎక్స్² టర్మ్‌కి) లామ్డా × ఎక్స్⁴ కలపండి; ఎక్స్ కణం స్థానం, లామ్డా కలిపినదాని బలం చెప్పే సంఖ్య. గ్రౌండ్ స్టేట్ ఎనర్జీ, అంటే అన్నిటికన్నా తక్కువ ఎనర్జీ కావాలి. ద్రవ్యరాశి, ఫ్రీక్వెన్సీ, హెచ్-బార్ (ప్లాంక్ స్థిరాంకం ÷ 2π) మూడూ 1 అనుకుందాం. అసలు యూనిట్లలో డైమెన్షన్ లేని సంఖ్య లామ్డా × హెచ్-బార్ ÷ (ద్రవ్యరాశి² × ఫ్రీక్వెన్సీ³) అని ముందే చేత్తో రాబట్టి ఉంచుకోండి. చివర్లో యూనిట్లు వెనక్కి పెట్టేటప్పుడు తడబడేది ఇక్కడే.

మొదటి దారి పర్టర్బేషన్ థియరీ: లామ్డా చిన్నదనుకుని జవాబుని లామ్డా ఘాతాల వరసగా రాబట్టడం, ఒక్కో ఘాతం ఒక్కో ఆర్డర్. ఫస్ట్ ఆర్డర్‌లో ఎక్స్⁴ సగటు 3/4. మీకు 3 వచ్చిందంటే, ఎక్స్‌ని లాడర్ ఆపరేటర్లలో (స్టేట్‌ని ఒక మెట్టు ఎక్కించే, దించేవాటిలో) రాసినప్పుడు రూట్ 2తో భాగించడం మర్చిపోయారన్నమాట. ఈ 3/4ని ఇంకోలా కూడా చూడొచ్చు: ఎక్స్² సగటు 1/2, నాలుగు ఎక్స్‌లని జంటలుగా కలిపే పద్ధతులు 3, కాబట్టి 3 × (1/2)². రేపు ఫీల్డ్ థియరీలో ఇలాగే జంటలు కట్టే విక్ థీరమ్ వచ్చినప్పుడు కొత్తగా అనిపించదు. సెకండ్ ఆర్డర్‌లో గ్రౌండ్ స్టేట్ (అది 0వది) నుంచి 2వ, 4వ స్టేట్లు రెండిటికీ దారి ఉంది. ఎక్స్⁴ కదా అని 4వదాన్నే తీసుకునేవాళ్లు చాలామంది. కానీ మొత్తం −2.625లో 2వ స్టేట్ వాటాయే −2.25.

సిరీస్ ఇలా వస్తుంది: 0.5 + 0.75 లామ్డా − 2.625 లామ్డా² + 20.8125 లామ్డా³ − 241.29 లామ్డా⁴... లామ్డా 0.1 అయితే వరుసగా 0.575, 0.5488, 0.5696, 0.5454. నాలుగో ఆర్డర్‌కి మెరుగవ్వాల్సింది పోయి దిగజారింది! తప్పు అంకగణితంలో లేదు. లామ్డా కొంచెం నెగెటివ్ అయినా చాలు, దూరంగా పొటెన్షియల్ కిందికి జారిపోతుంది, కణం టన్నెలింగ్‌తో (అడ్డుగోడలోంచి దూరి) బయటపడుతుంది, గ్రౌండ్ స్టేటే ఉండదు. సున్నాకి అంత దగ్గరలో ఇంత తేడా ఉంటే సిరీస్ కన్వర్జ్ అయ్యేదెలా, అంటే ఒక విలువ దగ్గర స్థిరపడేదెలా? క్వాంటమ్ ఎలక్ట్రోడైనమిక్స్ (కాంతి, ఎలక్ట్రాన్ల సిద్ధాంతం) విషయంలో భౌతిక శాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్ 1952లో చేసిన వాదన ఇదే. ఈ ఆసిలేటర్‌కి భౌతిక శాస్త్రవేత్తలు బెండర్, వు 1969లో వివరంగా తేల్చారు.

రెండో దారి వేరియేషనల్: వేవ్ ఫంక్షన్‌కి ఒక ఆకారం ఊహించి, ఎనర్జీ కనిష్ఠమయ్యేలా దాన్ని సర్దడం. ఫ్రీక్వెన్సీ ఒమేగా ఉన్న గాసియన్‌ని (గంట ఆకారాన్ని) తీసుకుంటే ఎనర్జీ ఒమేగా/4 + 1/(4 ఒమేగా) + 3 లామ్డా/(4 ఒమేగా²). కనిష్ఠం కోసం ఒమేగా³ − ఒమేగా − 6 లామ్డా = 0 సాధించాలి. లామ్డా 0.1కి ఒమేగా 1.221, ఎనర్జీ 0.5603. అసలు విలువ 0.559146. మూడు లైన్ల లెక్క పైన రాసిన ఆర్డర్లన్నిటినీ ఓడించింది.

ఆ అసలు విలువ మూడో దారిలో వస్తుంది: హామిల్టోనియన్‌ని (మొత్తం ఎనర్జీ ఆపరేటర్‌ని) మొదటి 40 ఆసిలేటర్ స్టేట్లతో 40 × 40 మ్యాట్రిక్స్‌గా రాసి డయాగనలైజ్ చేయడం, అంటే దాని ఐగెన్ విలువలు రాబట్టడం. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎక్స్‌ని 40 × 40గా రాసుకుని దాన్నే నాలుగుసార్లు గుణిస్తే చివరి వరసల్లో ఎలిమెంట్లు తప్పుగా వస్తాయి, ఎందుకంటే మధ్యలో 40 దాటి వెళ్లొచ్చే దారులు తెగిపోయాయి. కింది లెవెల్స్ బాగానే కనిపిస్తాయి గానీ, వచ్చిన విలువ అసలుకన్నా తక్కువ కాదన్న హామీ పోతుంది. ఎక్స్‌ని 44 × 44గా కట్టి, ఘాతం తీసుకున్నాక 40కి కత్తిరించండి. సరి, బేసి స్టేట్లు కలవవు కాబట్టి విడదీస్తే మ్యాట్రిక్స్ సైజు సగమవుతుంది.

నాలుగోది లామ్డా బాగా పెద్దదైన పరిమితి. అక్కడ ఎక్స్² లెక్కలోకి రాదు. కైనెటిక్ భాగం పొడవు వర్గానికి విలోమంగా, పొటెన్షియల్ పొడవు నాలుగో ఘాతంగా మారతాయి. రెండిటినీ తూస్తే ఎనర్జీ లామ్డా క్యూబ్ రూట్‌తో పెరగాలి, గుణకం సుమారు 0.668. అంటే లామ్డా 8 రెట్లయితే ఎనర్జీ 2 రెట్లు. మీ ప్రోగ్రామ్‌లో 1000, 8000 ఇచ్చి చూడండి: 6.694, 13.367 రావాలి. రాకపోతే చాలావరకు తప్పు బేసిస్‌దే, అంటే మ్యాట్రిక్స్ కట్టడానికి వాడిన ఆసిలేటర్ స్టేట్లదే. ఫ్రీక్వెన్సీ 1 ఉన్న బేసిస్ ఇంత ఇరుకైన వేవ్ ఫంక్షన్‌కి మరీ వెడల్పు, 40 స్టేట్లు సరిపోవు. వేరియేషనల్ సమీకరణంలో వచ్చిన ఒమేగానే (1000కి దాదాపు 18.2) బేసిస్ ఫ్రీక్వెన్సీగా పెట్టండి. అలా పెట్టినప్పుడు (1 − ఒమేగా²)/2 × ఎక్స్² అనే టర్మ్ అదనంగా మిగులుతుంది, ఎక్స్ కూడా రూట్ ఒమేగాతో భాగింపబడుతుంది. ఈ రెండిట్లో ఏది వదిలేసినా జవాబు రాదు.