చప్పుడు చేయకుండా వచ్చే పన్ను

ఇవాళ చిన్నోడికి స్కూలు మాన్పించి మరీ, దవడ పళ్ళు పుచ్చకుండా ముందే పూత వేయిద్దామని పళ్ళ డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళా. నొప్పి లేదు, వాపు లేదు, అసలేమీ లేదు. అందుకే పొద్దున్నే అత్తయ్యగారు "బాగున్న పన్నుకి వైద్యమేంటమ్మా, డబ్బులు ఎక్కువయ్యాయా" అన్నారు. నేనేం మాట్లాడలా.

పెద్దదాని సంగతి నాకింకా మంటగానే ఉంది మరి. దానికి తొమ్మిదేళ్ళప్పుడు కింద దవడ పన్ను పుచ్చితే పాలపన్నేలే, ఎలాగూ ఊడిపోద్ది అనుకుని లవంగ నూనె దూది పెడుతూ రెండు నెలలు గడిపేశా, తీరా చూస్తే అది పాలపన్ను కాదంట, ఆరేళ్ళకే వచ్చిన అసలు పన్నంట. రూట్ కెనాల్, పైన క్యాప్, 9000 చిల్లర అయింది, డబ్బు పోతే పోయింది, ఆ కుర్చీలో పడుకున్నప్పుడు దాని కన్నీళ్ళు చెవుల్లోకి కారడం మాత్రం మర్చిపోలేను. ముందు పన్ను ఊడితే ఇంటిల్లిపాదికీ తెలుస్తది, మా అత్తయ్యగారు ఇప్పటికీ పేడముద్దలో పెట్టి ఇంటిమీదకి విసరమంటారు, పేడ కోసం వీధంతా తిరగాలి. ఈ ఆరేళ్ళ దవడ పన్నుకి అదేం లేదు, ఏ పన్నూ ఊడకుండా పాలపళ్ళ వరస చివర చప్పుడు చేయకుండా వచ్చి కూర్చుంటది.

డాక్టరు మేడమ్ చిన్న అద్దం పెట్టి చూపించారు. దవడ పన్ను పైభాగం సన్నికల్లుకి కక్కు కొట్టినట్టు గీతలు గీతలుగా ఉంది, వాటిల్లో కొన్ని ఎంత సన్నగా ఉంటాయంటే బ్రష్ కుచ్చు కూడా లోపలికి దూరదంట, బిస్కెట్ పిండి మాత్రం శుభ్రంగా దూరుద్ది. ఫ్లోరైడ్ పేస్టు పన్ను పక్కల్ని బాగానే కాపాడుద్ది గానీ ఈ గీతల దగ్గర దాని పని అంతంత మాత్రమేనంట, అందుకే వాటిని ముందే పూడ్చేస్తే గొడవ ఉండదు, అదే సీలెంట్. వెయిటింగులో ఫోన్లో చూస్తే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు దవడ పళ్ళలో పుచ్చుల్ని రెండేళ్ళపాటు 80 శాతం ఆపుద్దని, నాలుగేళ్ళ దాకా సగం ఆపుద్దని రాశారు.

డ్రిల్లు లేదు, సూది లేదు. పన్ను తోమి, పక్కన దూది చుట్టలు పెట్టి, నీలం రంగు జెల్ రాశారు, అది యాసిడంట, నా గుండె ఝల్లుమంది గానీ ఓ 20 సెకన్లలో కడిగేశారు. గాలి కొట్టి ఆరబెడితే మెరిసే పన్ను కాస్తా సుద్దముక్కలా తెల్లగా పాలిపోయింది, అలా గరుకైతేనే పైన పూత పట్టుకుంటదంట, ఈ కిటుకు 1955లోనే బ్యూనోకోర్ అనే డెంటిస్టు బయటపెట్టాడంట. ఇక పూత వేసే టైముకి మా వాడు నాలిక తీసుకెళ్ళి సరిగ్గా అక్కడే పెట్టాడు. ఉమ్ము తగిలితే పూత నిలవదు, మళ్ళీ జెల్ నుంచి మొదలు. రెండోసారి నేను వాడి కాళ్ళు పట్టుకుని కూర్చుంటే, గీతల్లోకి పాలమీగడలా జారింది, నీలం లైటు ఇంకో 20 సెకన్లు, గట్టిపడిపోయింది. "అమ్మా, ఏదో ఎత్తుగా తగులుతోంది" అన్నాడు, నీలం కాగితం కొరికించి కాస్త అరగదీశారు.

నాలుగు పళ్ళకని వెళితే మూడే అయ్యాయి. నాలుగోదాని మీద వెనకాల చిగురు ఇంకా దుప్పటిలా కప్పుకుని ఉంది, అక్కడ తడి ఆరదు కాబట్టి రెండు మూడు నెలలాగి రమ్మన్నారు. పన్నుకి 700 లెక్కన 2100. ఆర్నెల్లకోసారి చూపించాలి, ఎక్కడన్నా రాలితే మళ్ళీ వేస్తారు. ఐస్ ముక్కలు కొరకొద్దన్నారు, వాడు వింటాడని నాకైతే నమ్మకం లేదు.

ఇంటికొచ్చాక అత్తయ్యగారికి అసలు భయమేంటో తెలిసింది. ఆవిడ పుట్టిల్లు కనిగిరి వైపు, ఆ బోరు నీళ్ళ ఫ్లోరైడ్‌కి ఆవిడ పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, పెళ్ళి ఫోటోలో కూడా మూతి బిగించుకునే ఉంటారు. ఇదీ ఆ ఫ్లోరైడ్ బాపతేనేమో అనుకున్నారు. ఇది పైపూత అత్తయ్యా, జిగురు లాంటిది, పేస్టు కూడా బఠాణీ గింజంతే వేసి ఉమ్మించేస్తున్నాగా అంటే, వాణ్ణి దగ్గరకి లాక్కుని నోరు తెరిపించి చాలాసేపు చూసి "ఏం కనపడట్లేదే" అన్నారు, 2100 కనపడలేదని ఆవిడ బాధ.

పెద్దదానికి పన్నెండు రాబోతున్నాయి, దాని వెనక ఇంకో జత దవడ పళ్ళు వచ్చేది ఇప్పుడే, వాటికీ రాగానే వేయిద్దామన్నారు మేడమ్. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఫోన్ టార్చి వేసుకుని అద్దం వదల్లేదది. భోజనాలయ్యాక పరిగెత్తుకొచ్చింది, "అమ్మా, వచ్చేసింది, వెనకాల తెల్లగా పొడుచుకొచ్చింది చూడు" అని.

చూశా. అన్నం మెతుకు.