ఆముదం మానేసిన బగ్గీ

మన సైన్స్ క్లబ్ రిమోట్ కారు, అదే మన బగ్గీ, ఇప్పుడు చప్పుడు చెయ్యదు, పొగ రాదు, ఆముదం వాసన అసలే రాదు. క్రితంసారి మన బడి పాత విద్యార్థులమంతా కలిసినప్పుడు దాన్ని గ్రౌండ్‌లోకి దించగానే నాకంటే నాలుగేళ్ళు సీనియర్ అన్న ఒకాయన దగ్గరికొచ్చి, వంగి అటూ ఇటూ చూసి, "ఇంజిన్ ఏదిరా? దీన్ని కూడా బ్యాటరీ బొమ్మ చేసి పారేశారా?" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు పాపం. ఆ జనం మధ్యలో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. సంచికకి ఏదైనా రాయమన్నారు కాబట్టి ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను.

తెలియని బ్యాచ్‌లవాళ్ళ కోసం ముందు కొంచెం. అది అసలు కారులో ఎనిమిదో వంతు సైజుండే నైట్రో బగ్గీ, రిమోట్‌తో నడిచేది. సైన్స్ సారు సొంతంగా కొనుక్కున్నది, తర్వాత సైన్స్ క్లబ్‌కి ఇచ్చేశారు. 3.5 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్, నాలుగు చక్రాలకీ డ్రైవ్, 125 మిల్లీలీటర్ల ట్యాంకు. నిమిషానికి 30,000 చుట్లు తిరిగే ఇంజిన్ అది, దాని కూత బడి గంట కంటే దూరం వినపడేది. తాగేది పెట్రోలు కాదు, మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ఇంధనం. టూ స్ట్రోక్ కాబట్టి ఇంజిన్‌కి విడిగా ఆయిల్ ఉండదు, ఇంధనంలో కలిసిందే దానికి దిక్కు, ఆ నూనెలో ఆముదం కూడా ఉండేది. కాలిన ఆముదం వాసన చొక్కాకి పట్టిందంటే రెండుసార్లు ఉతికితే గానీ వదిలేది కాదు. ఆముదం తాగేది అది, స్టార్ట్ కాకపోతే ఆముదం తాగిన మొహాలు మాత్రం మావి.

దానికి స్పార్క్ ప్లగ్ లేదు. గ్లో ప్లగ్ ఉంటుంది, అందులో ప్లాటినం కలిసిన సన్నటి తీగ చుట్ట. 1.5 వోల్టుల సెల్‌తో ఆ తీగని ఎర్రగా కాల్చి, తాడు లాగి, ఇంజిన్ అందుకున్నాక సెల్ తీసెయ్యాలి. సెల్ తీసేశాక కూడా తీగ ఆరిపోదు. ఎందుకు ఆరిపోదో చెప్పమని సారు అడిగితే క్లాసు మొత్తం నోరు మూసుకుంది. తాను మారకుండా చర్య వేగాన్ని మార్చేది ఉత్ప్రేరకం అని అందరికీ కంఠతా వచ్చు, కానీ ఆ ఉత్ప్రేరకం మా ఎదురుగా బల్ల మీదే ఉందని ఎవరికి తట్టింది? ప్లాటినం మీద మిథనాల్ ఆవిరి చర్య జరిపి వేడి పుట్టిస్తుంది, దానికి లోపల మంట వేడి, నొక్కుడు పడ్డ గాలి వేడి తోడవుతాయి, తీగ ఎర్రగా ఉండిపోతుంది. ఆ పాఠం నేను చచ్చినా మర్చిపోను. ఇంధనం డబ్బా మాత్రం సారు మమ్మల్ని ముట్టనిచ్చేవారు కాదు. మిథనాల్ విషం, పైగా అంటుకుంటే పగటి వెలుగులో దాని మంట కనపడదు.

స్టార్ట్ చెయ్యడం ఒక పెద్ద తంతు. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకి వచ్చేసరికి స్లీవ్‌లో, అంటే అది కదిలే గొట్టంలో, బిగుసుకునేది. అది లోపం కాదు, వేడెక్కాక సరిగ్గా సరిపోవాలని అలాగే చేస్తారట. అందుకని ముందు హెయిర్ డ్రయ్యర్‌తో ఇంజిన్ తలని వేడి చెయ్యాలి. ఆ తర్వాత నీడిల్స్, అంటే ఇంధనం ఎంత వెళ్ళాలో సర్దే స్క్రూలు. ఎనిమిదో వంతు చుట్టు అటు తిప్పితే నూనె కక్కుతూ మూలుగుతూ నడుస్తుంది, ఇటు తిప్పితే ఈల వేసినట్టు కూసి, వేడెక్కిపోయి, ఎక్కడో గ్రౌండ్ ఆ చివర ఆగిపోతుంది. పొద్దున కుదిరిన ట్యూనింగ్ మధ్యాహ్నానికి పనికిరాదు, ఎండ మారితే గాలి మారుతుంది కదా. ఇంజిన్ తల మీద నీటి చుక్క వేసి ఎంతసేపట్లో ఆవిరవుతుందో చూడమనేవారు సారు. మేం ఉమ్మి చూసేవాళ్ళం.

ఇవన్నీ తెలిసినవాళ్ళం మొత్తం బడిలో నలుగురం. ఇక చూస్కోండి మా పోజులు. చుట్టూ పిల్లలు నిలబడి ఉంటే నీడిల్ మీద స్క్రూడ్రైవర్ పెట్టి, కళ్ళు మూసుకుని, చెవి ఒగ్గి వినడం. సగంసార్లు ఏం వింటున్నామో మాకే తెలీదు. మా క్లాసులో ఒకమ్మాయి ప్రతి శనివారం వచ్చి, "ఒక్కసారి నాకివ్వరా" అని అడిగేది. "ట్యూనింగ్ కుదర్లేదు, వచ్చేవారం చూద్దాం" అనేవాళ్ళం. రెండేళ్ళు ఆ వచ్చేవారం రాలేదు. ఆ అమ్మాయి ఈ కథలోకి మళ్ళీ వస్తుంది.

ఒకసారైతే మాకే బుద్ధొచ్చింది. బగ్గీలో స్టీరింగ్‌కి ఒక సర్వో, థ్రాటిల్‌కి ఒక సర్వో ఉండేవి, రిమోట్ చెప్పినట్టు కదిలించే చిన్న మోటార్లు అవి, రెండింటికీ కరెంటు ఒక చిన్న బ్యాటరీ ప్యాక్ నుంచి. ఆ ప్యాక్ చార్జింగ్ చూసుకోవడం నా పని. నేను చూడలేదు. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉండగా ప్యాక్ చచ్చిపోయింది. రిమోట్ నా చేతిలోనే ఉంది, నేను బ్రేక్ నొక్కుతూనే ఉన్నాను, అది నా మాట ఎందుకు వింటుంది? వాలీబాల్ ఆడుతున్నవాళ్ళ కాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయి గోడకి గుద్దుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదృష్టం. నెల రోజులు బగ్గీ బీరువాలో, మేం బెంచీ మీద.

తర్వాత సారు రిటైరయ్యారు, మేం వెళ్ళిపోయాం, బగ్గీ బీరువాలోనే ఉండిపోయింది. మొన్నటి మీట్‌కి ముందు ఇప్పటి సైన్స్ మేడమ్ దాన్ని నా చేతిలో పెట్టి ఏమైనా చెయ్యగలరేమో చూడమన్నారు. ఫ్లైవీల్ పట్టుకుని తిప్పబోతే కదిలితే ఒట్టు. మిథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, చివరిసారి నడిపాక ట్యాంకు ఖాళీ చేసి ఇంజిన్‌లో రెండు చుక్కలు ఆయిల్ వెయ్యకపోతే బేరింగులు తుప్పు పడతాయి, ఆముదం జిగురులా గట్టిపడుతుంది. చివరిసారి నడిపింది ఎవరంటే మేమే. ఆయిల్ వెయ్యాలని తెలియక కాదు, బెల్ కొట్టారని వదిలేసి పోయాం.

ఇంజిన్ ఫొటో మా బ్యాచ్ గ్రూపులో పెట్టాను. పది ఏడుపు బొమ్మలు వచ్చాయి. ఒక్క ఫోన్ వచ్చింది, ఆ శనివారం అమ్మాయి దగ్గర్నుంచి. తను ఇప్పుడు మోటార్ కంట్రోలర్ల మీదే పనిచేస్తోంది. "ఇంజిన్ తీసెయ్యి, మోటార్ పెడదాం" అంది. నాకు మనసొప్పలేదు. ఇంజిన్ లేకపోతే అది మన బగ్గీ ఎలా అవుతుంది, కొత్త బేరింగులు వేస్తే సరిపోతుంది కదా అని వాదించాను. "వేస్తావు. తర్వాత ఎవరు స్టార్ట్ చేస్తారు? మళ్ళీ మీ నలుగురేనా?" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

సారుకి ఫోన్ చేసి భయపడుతూ చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "గేర్ రేషియో ఎంత పెడుతున్నావు?" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు.

విప్పుడు పని నాకు వచ్చినదే కాబట్టి అది చకచకా అయిపోయింది. ఇంజిన్, సైలెన్సర్ పైపు, ట్యాంకు, థ్రాటిల్ సర్వో, నన్ను నెల రోజులు బెంచీ ఎక్కించిన ఆ ప్యాక్, బ్రేక్ డిస్కులు, అన్నీ పాత పేపరు మీదికి వచ్చేశాయి. ఛాసిస్, మూడు డిఫరెన్షియల్స్, షాక్ అబ్జార్బర్లు, స్టీరింగ్ సర్వో మాత్రం మిగిలాయి. ఆ జిడ్డు వదిలించడానికే ఒక పూట పట్టింది.

మోటార్ ఎంచుకోవడంలో చిన్న లెక్క ఉంది, అది నాకు భలే నచ్చింది. బ్రష్‌లెస్ మోటార్ మీద కెవి అని ఒక అంకె వేస్తారు, కిలోవోల్టు కాదు, ఒక్కో వోల్టుకి లోడు లేకుండా నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ సంఖ్య. నాలుగు సెల్స్ లిపో, అంటే లిథియం పాలిమర్, బ్యాటరీ 14.8 వోల్టులు. 2000 కెవి మోటార్ తీసుకుంటే 29,600. అంటే దాదాపు మన పాత ఇంజిన్ వేగమే! కాబట్టి గేర్లు మార్చక్కర్లేదు. ఇంజిన్ వైపు ఉండే క్లచ్ బెల్‌కి 13 పళ్ళు ఉండేవి, అది తిప్పే పెద్ద చక్రం స్పర్ గేర్‌కి 46, రేషియో 3.54. క్లచ్ తీసేసి మోటార్ షాఫ్ట్‌కే 13 పళ్ళ పినియన్, అంటే చిన్న గేర్, బిగిస్తే చాలు. సారు ఎందుకు అదే అడిగారో అప్పుడు అర్థమైంది.

లెక్క బాగానే ఉంది, నేను తెప్పించిన పినియనే తప్పు. పళ్ళు 13 ఉన్నాయి, షాఫ్ట్ 5 మిల్లీమీటర్లకి సరిపోయింది, కానీ అది 32 పిచ్. మన స్పర్ గేర్ మాడ్యూల్ 1. రెండూ పళ్ళ సైజు చెప్పే కొలతలే, పద్ధతులు వేరు. 32 పిచ్‌ని మాడ్యూల్‌లోకి మార్చితే 0.8 కూడా రాదు. కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి, "కొత్తది కదా, కొంచెం చప్పుడు చేస్తుందిలే" అనుకుని తిప్పేశాను, స్పర్ గేర్ పళ్ళు పొడి రాలాయి. సరైనవి రెండూ తెప్పించాక ఆ పళ్ళ మధ్య కాగితం ముక్క పెట్టి నొక్కి, మోటార్ బిగించి, కాగితం లాగేశాం. కాగితం మీద ముడతలు పడాలి, చిరగకూడదు. ఈ చిట్కా క్లచ్ బెల్ రోజుల్లో సారు నేర్పిందే.

మోటార్ మౌంట్ రంధ్రాలు ఛాసిస్ రంధ్రాలతో కలవలేదు, కొత్తవి వెయ్యాల్సి వచ్చింది. సోల్డరింగ్ కూడా నేనే చేస్తానని పట్టుబట్టాను. నా ఐరన్ 25 వాట్లది, బ్యాటరీ తీగలు వేలెడు లావు కాకపోయినా లావే, ఆ రాగి వేడినంతా లాగేసుకుంటోంది, సీసం కరిగి పైపైన అంటుకుని మెరుస్తోంది. అతికింది అనుకున్నాను. ఆ శనివారం అమ్మాయి రెండు వేళ్ళతో పట్టి లాగితే ఊడొచ్చింది. ఏమీ అనకుండా తన సంచీలోంచి 80 వాట్ల ఐరన్ తీసింది. మళ్ళీ నేను ఐరన్ ముట్టుకోలేదు.

మోటార్‌కి మూడు తీగలు, దానికి కరెంటు అందించి వేగం మార్చే స్పీడ్ కంట్రోలర్‌కి మూడు తీగలు. కలిపి ట్రిగ్గర్ నొక్కితే బగ్గీ వెనక్కి వెళ్ళింది. నేను మోటార్ అంతా విప్పి తిప్పి పెట్టాలేమో అని కంగారు పడుతుంటే తను మూడింటిలో రెండు తీగలు పీకి అటుదిటు ఇటుదటు పెట్టింది, బగ్గీ ముందుకెళ్ళింది. అంతే! మూడు ఫేజుల్లో ఏ రెండు మార్చినా లోపలి అయస్కాంత క్షేత్రం రివర్సులో తిరుగుతుంది. సెన్సార్ తీగ ఉన్న మోటార్లకి మాత్రం ఇలా మార్చకూడదట, కంట్రోలర్ సెట్టింగులో మార్చాలి. మనది సెన్సార్ లేనిది.

రిసీవర్‌కీ సర్వోకీ కరెంటు ఇప్పుడు స్పీడ్ కంట్రోలరే ఇస్తుంది, విడి ప్యాక్ అక్కర్లేదు. రిమోట్ సిగ్నల్ పోతే మోటార్ ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టాం. చక్రాలు గాల్లో ఉండగా రిమోట్ ఆపేసి పదిసార్లు చూశాను, ఆ వాలీబాల్ కోర్టు గుర్తొచ్చి.

మొదటి పరుగు ఘోరం. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కాను, బగ్గీ ముందు చక్రాలు లేచి వెల్లకిలా పడింది. ఇంజిన్ అయితే చుట్లు పెరిగే కొద్దీ బలం పుంజుకుంటుంది, మధ్యలో క్లచ్ కొంత జారుతుంది. మోటార్ అలా కాదు, ఆగి ఉన్నచోటే దాని టార్క్ అంతా ఇచ్చేస్తుంది. ముందు చక్రాలు నేలని వదిలితే, ముందుకీ వెనక్కీ బలం పంచే సెంటర్ డిఫరెన్షియల్ ఆ బలాన్నంతా వాటికే పంపుతుంది, టైర్లు గాల్లో తిరిగి తిరిగి బెలూన్లలా ఉబ్బుతాయి. డిఫ్‌లో 5,000 సిలికాన్ ఆయిల్ తీసేసి 10,000ది, ఇంకా చిక్కటిది పోశాం, కంట్రోలర్‌లో పంచ్, అంటే బయల్దేరేటప్పటి ఊపు, తగ్గించాం, అర కిలో బరువుండే బ్యాటరీని మోటార్‌కి అవతలి పక్కకి చేర్చి రెండు వైపులా బరువు సరిచూశాం. మూడో రోజుకి మనిషిలా నడిచింది.

ఆ అన్నకి నా జవాబు ఏంటంటే, అన్నా, మీరన్నది నిజం, ఆ కూత నాకూ కావాలి. ఇప్పుడు వినపడేది టైర్ల కింద కంకర చప్పుడు, గేర్ల సన్నటి రొద, అంతే. కానీ ఆ రోజు సాయంత్రం మీరు వెళ్ళాక ఆరో తరగతి పిల్లలు వరసగా నిలబడి నడిపారు, ఒక్కొక్కరికి నేర్పడానికి రెండు నిమిషాలు పట్టింది. మా రోజుల్లో రెండేళ్ళలో బగ్గీ నడిపినవాళ్ళకంటే ఆ ఒక్క పూటలో నడిపినవాళ్ళే ఎక్కువ. దాన్ని మేం కష్టమైనదిగా ఉంచుకున్నాం, ఎందుకంటే అది కష్టంగా ఉన్నంతకాలం రిమోట్ మా చేతుల్లో ఉండేది. ఇంతకీ ఆ రోజు గ్రౌండ్‌లో అందరికంటే ముందు నడిపింది ఎవరో మీరు గమనించారో లేదో. వచ్చేవారం చూద్దాం అని నేను ఎవరికి చెప్పానో ఆవిడే.

ఇంజిన్ని పారెయ్యలేదు. నానబెట్టి జిగురు వదిలించాను, బేరింగులు గరగరలాడతాయి గానీ చేత్తో తిప్పితే పిస్టన్ కదులుతుంది. ల్యాబ్ అద్దాల బీరువాలో ఉంది, పక్కనే గ్లో ప్లగ్, ఒక సెల్. మేడమ్ ఉత్ప్రేరకం పాఠం రోజున ప్లగ్ వెలిగించి చూపిస్తున్నారు.

ఇక నడపాలనుకునేవాళ్ళకి. బ్యాటరీలు రెండు, ఇనప పెట్టెలో ఉన్నాయి, పెట్టె మూత మీద మా క్లాస్‌మేట్ రాసి అంటించిన కాగితం చదవండి. చార్జింగ్ 5 ఆంపియర్లు, సెల్స్ అన్నీ సమంగా నిండేలా చూసే బ్యాలెన్స్ తీగ తగిలించి మాత్రమే, అది అయ్యేదాకా ఎవరో ఒకరు అక్కడే ఉండాలి. ఉబ్బిన బ్యాటరీని చార్జ్ పెట్టకండి. నడిపేశాక సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచి పెట్టెలో పెట్టండి, ఫుల్ చార్జ్ చేసి వదిలేసి ఇంటికి పోవద్దు, మేం ఇంజిన్‌కి చేసింది చాలు. కనెక్టర్ పెట్టేటప్పుడు టప్‌మని చిన్న మెరుపు వస్తుంది, కంట్రోలర్‌లోని కెపాసిటర్లు నిండడం అది, కంగారు పడకండి. ముందు రిమోట్ ఆన్ చెయ్యాలి, తర్వాతే బగ్గీ. ఆపేటప్పుడు ముందు బగ్గీ, తర్వాత రిమోట్.