నానేయడం మర్చిపోయిన రాజ్మా

రాత్రి రాజ్మా నానేయడం మళ్లీ మర్చిపోయాను. పొద్దున డబ్బా తీస్తే గింజలు గులకరాళ్లలా చేతిలో గలగలమన్నాయి. చూద్దాం పోనీ అని అలాగే కుక్కర్లో పడేశాను. 12 విజిల్స్ వచ్చాక మూత తీస్తే... ఇంకా పలుకే!

నానకపోయినా ఉడుకుతాయి, టైమూ గ్యాసూ ఎక్కువ పడతాయి, అంతే. నా అసలు తప్పు వేరే. తొందరలో టమాటాలు కూడా ముందే వేసేశాను. పులుపు తగిలితే గింజ ఓ పట్టాన మెత్తబడదు. ఉప్పు వేస్తే గింజ గట్టిపడుతుందని మాత్రం ఇన్నాళ్లూ తప్పుగా విన్నాను. నానేసే నీళ్లలో కాస్త ఉప్పు వేస్తే తొక్క ఇంకా మెత్తగా ఉడుకుతుందట, ఇంకోసారి చేసి చూస్తే నిజమే. ఏళ్ల తరబడి డబ్బాలో పడున్న గింజలకైతే ఏ చిట్కా పెద్దగా పనిచేయదు (నావి ఎప్పటివో అడక్కండి).

ఒక్కటి మాత్రం సీరియస్‌గా చెప్తున్నా. సగం ఉడికిన రాజ్మా రుచి చూడకండి. పచ్చి గింజల్లో ఉండే లెక్టిన్ అనే ప్రోటీన్‌తో వాంతులు పట్టుకుంటాయి. కనీసం 5 గంటలు నానేసి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో 10 నిమిషాలకు తగ్గకుండా తెర్లనివ్వాలి. సెగ తగ్గించడం ఆ తర్వాతే. అలసందలకు ఇంత హడావుడి లేదు.

ప్రస్తుతం రెండో విడత కుక్కర్ కూస్తోంది. మిగతా వంటంతా చల్లారిపోయింది.